ఆడపిల్ల వెల: విజయనగరమున వ్రాయించిన ఒక పట్టిక

విజయనగర సంస్థానాధీశ్వరులగు పూసపాటి ఆనంద గజపతిరాజుగారు, పందొమ్మిదవ శతాబ్ది చివరిపాదమున, విశాఖపట్టణము జిల్లాయందలి సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున శుల్కము పుచ్చుకొని జరిపించిన వివాహముల కొక పట్టిక వ్రాయించిరి. కన్యను విక్రయించుట పాపమని అంతకుముందు చెప్పినవారు లేకపోలేదు. తండ్రి రవంత శుల్కమైనను గ్రహింపరాదని మనుస్మృతియే శాసించినది. ధనమిచ్చి కన్యను తెచ్చుకొనుటకు ఆసుర వివాహమని పేరు పెట్టినది. అయినను శాస్త్రము శాస్త్రముగానే యుండెను, బేరము బేరముగానే సాగెను. మహారాజుగారు పాపపుణ్యముల ప్రసక్తి విడిచి, ఎందరిని, ఏ వయస్సున, ఎంతకు అని మాత్రమే అడిగించిరి. 1871 మొదలుకొని పదేండ్లకొకసారి సర్కారువారు జనసంఖ్యను లెక్కించుచున్న కాలమది. మనుష్యుల బ్రతుకును అంకెలలో చూచుట అప్పుడప్పుడే మన ప్రాంతమునకు అలవాటగుచుండెను.

ఆ పట్టికలో 1034 వివాహములు తేలినవి; అనగా ఏటికి సగటున 344. పుచ్చుకొన్న సొమ్మును ఒప్పుకొనుటకు ఎవరికి నోరు వచ్చును? కనుక ఇది పూర్తి లెక్క కాదు, దాపరికమును దాటుకొని బయటపడినంత మాత్రమే. వారిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. కూడి చూచితిని: 188. పదునొకండుగురు పెండ్లికూతుండ్రలో ఇద్దరు అయిదేండ్లు దాటనివారన్నమాట. ఏడాది పిల్ల యనగా గోడ పట్టుకొని నిలువబడుటకు నేర్చుచున్న పసికందు. మెడలో పుస్తె కట్టినచో నోట పెట్టుకొని చప్పరించును. ఆ పసికందు వెల 350 మొదలు 400 రూపాయలవఱకు పలికెను. 1884లో గురజాడ అప్పారావుగారు మహారాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినప్పుడు వారి జీతము నెలకు 25 రూపాయలు. పదునాఱు నెలల జీతము కూడబెట్టినగాని ఆ పిల్ల వెలకు చాలదు. గర్భస్థ శిశువునకు సైతము బేరము కుదిరిన సందర్భములు కలవని అప్పారావుగారే వ్రాసిరి.

ఇంతటి వెల ఏల పలికెను? తండ్రుల దురాశ యని సరిపెట్టుకొనుట సులభము. ఈ అంకెలు చూచినకొలదియు నాకు వేఱొకటి స్ఫురించుచున్నది. ఏబదియేండ్ల వయస్సున భార్య పోయినవాడు మరల పెండ్లి సంతకు రావచ్చును. పదేండ్ల వయస్సున మగడు పోయిన పిల్ల మాత్రము మరల రాజాలదు. ఒకవైపు కొనువారు తఱుగకుండగా, రెండవవైపు కన్యలు తఱుగుచుండిరి. రజస్వల కాకమున్నే పెండ్లి కావలెనను నియమము తోడై, ఆ కొలది కన్యలకును గడువు పెట్టినది. ధనమున్న ముసలివానికి పిల్లనిచ్చిన ఇంట కొన్నాళ్లకు ఒక వితంతువు కూర్చుండును. ఆమె కూర్చుండుటచేతనే తక్కిన పిల్లల వెల పెరుగును. కన్యాశుల్కమును వితంతు దుఃఖమును ఒకే త్రాటికి రెండు కొనలు. 1856 నాటి చట్టము విధవా వివాహమును అనుమతించినను, కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిపించినను, కన్యాశుల్కమను రెండవ కొన ఎవరి చేతను పట్టుబడలేదు.

ఆ కొనను పట్టుటకే మహారాజుగారు మదరాసు శాసనసభలో శుల్క వివాహములను గూర్చి బిల్లు తెచ్చిరి. అది చట్టము కాలేదు. మతాచారములలో జోక్యము కలిగించుకొనమని 1858లో రాణీగారి ప్రకటన వెలువడినది మొదలు, సర్కారువారు పెండ్లి పందిరి దరిదాపులకు వచ్చుటకే జంకుచుండిరి. పైగా, ఇచ్చినవాడు పుచ్చుకొన్నవాడు ఇద్దరును కాదన్నచో సాక్ష్యమెక్కడిది?

అప్పుడు మిగిలినది రంగస్థలము. చదువను వ్రాయను రాని ప్రజకు పుస్తకముకంటె నాటకమే దారియని అప్పారావుగారు తలచిరి. 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు ఆయన వ్రాసిన ‘కన్యాశుల్కము’ నాటకమును ప్రదర్శించిరి, 1897లో అది అచ్చుపడెను. నేను పైన చెప్పిన పట్టిక అంకెలన్నియు ఆ కూర్పునకు అప్పారావుగారు వ్రాసిన ఆంగ్లపీఠికలోనివే. దొరలకు, విద్యాధికులకు అంకెలు ఇంగ్లీషున; అగ్రహారమునకు, అంగడివీధికి ఆ అంకెలలోని మనుష్యులు ఇంటింటి తెలుగున. అగ్నిహోత్రావధానులు రెండవకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు 1800 రూపాయలకు బేరమాడుచుండగా, పెద్దకూతురు బుచ్చమ్మ వితంతువై ఆ ఇంటనే ఉండును. కొనువాని ఇంటను అతని కూతురు మీనాక్షి వితంతువై ఉండును. శాసనసభకు పట్టుబడని త్రాటి రెండుకొనలను ఆయన రెండు గడపలలో కట్టి చూపెను. ఏ పట్టికయు చేయజాలని పని అది. కృతి పుచ్చుకొన్న మహారాజుగారు ఆ 1897లోనే కీర్తిశేషులైరి. 1909లో అప్పారావుగారు నాటకమును ఇంచుమించు క్రొత్తగా తిరిగి వ్రాసి ప్రకటించిరి.

చట్టములు మెల్లగా వచ్చినవి. 1891లో సమ్మతి వయస్సు పదినుండి పండ్రెండేండ్లకు పెరిగెను. హరబిలాస్ శారదాగారి చట్టము 1929లో ఆమోదము పొంది, 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, బాలికకు పదునాలుగు, బాలునకు పదునెనిమిది యేండ్లని హద్దు పెట్టెను. అవి వచ్చులోపల, ఎవరును ఆదేశింపకయే, వెల తలక్రిందులయ్యెను. మహారాజావారి కళాశాల వంటి చోట్ల బి.ఏ. పట్టము పుచ్చుకొని సర్కారు కొలువునకు పోవు కుఱ్ఱవానికి గిరాకి ఏర్పడెను. అంతవఱకు పిల్లకు పలికిన ధర పిల్లవానికి పలుకసాగెను. ఏ సంస్కర్తయు మాన్పలేని కన్యాశుల్కమును అగ్రహారములలో ఆ క్రొత్త చదువు, ఆ క్రొత్త జీతము మాన్పించినవి. వాని వెనుకనే వరకట్నము వచ్చి కూర్చుండెను.

1961 నాటి కట్నముల నిషేధ చట్టము, పెండ్లికి ప్రతిఫలముగా ఉభయపక్షములలో ఎవరు ఎవరికిచ్చినను నేరమే యని వ్రాసెను. ఆనంద గజపతిగారు కోరిన నిషేధము వారు గతించిన అఱువదినాలుగేండ్లకు ఆ మాటలలో ఇమిడి వచ్చినది. అప్పటికి ఆ అగ్రహారముల యిండ్లలో ఆడపిల్లను కన్న తండ్రి పెండ్లినాటికి సొమ్ము పుచ్చుకొనుట లేదు, అప్పు చేయుచుండెను.