పాత రంపం అడిగే మూడు అంకెలు

ముప్పై నలభై ఏళ్ళనాటి చైన్ రంపం మూలపడిందంటే ఇంజన్ పోయిందనే అనుకుంటారు చాలామంది. తీరా చూస్తే కార్బురేటర్ కడిగి, కొత్త ప్లగ్గు వేసి, తాడు లాగగానే ఇంజన్ పలుకుతుంది. కొయ్య మాత్రం తెగదు. గొలుసు పళ్ళు అరిగిపోయి ఉంటాయి, ఆ గొలుసు తిరిగే ఇనుప పట్టీ, అంటే బారు, దాని గాడి సాగిపోయి ఉంటుంది. వాటికి బదులు ఏవి కొనాలో కొనేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. "ఎన్ని అంగుళాల బారు?" అని అడుగుతాడు దుకాణదారు. అంగుళాలు చెప్పి తెచ్చుకున్న గొలుసు బారు మీద కూర్చోదు. పాత రంపాన్ని దాని బారు పొడవును బట్టి, కంపెనీ పేరును బట్టి గుర్తించడం కుదరదు. అది ఏ కాలంలో పుట్టిందో ఆ కాలపు కొలతలే దాని గుర్తు. ఆ కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే సగం చిక్కు వీడిపోతుంది.

పళ్ళున్న గొలుసును తిప్పి కోయాలన్న ఆలోచన మొదట అడవిలో పుట్టలేదు. జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ హైనె 1830లో ఎముకలు కోయడానికి చేతితో తిప్పే గొలుసు పరికరం తయారుచేశాడు. చెట్ల సంగతికి వస్తే, 1905లో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన శామ్యూల్ బెన్స్ కాలిఫోర్నియాలోని మహావృక్షాలైన రెడ్‌వుడ్‌లను కూల్చే గొలుసు రంపానికి పేటెంట్ తీసుకున్నాడు. పనికొచ్చే యంత్రాలు మాత్రం 1920లలో జర్మనీలోనే వచ్చాయి. 1926లో ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో నడిచే రంపం చేశాడు. దాని బరువు 64 కిలోలు. మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపాన్ని తురింగియా ప్రాంతంలోని డోల్మార్ కొండ మీద నడిపి చూశాడు. ఆ కొండ పేరే ఆయన కంపెనీ పేరయింది. 1929లో స్టీల్ తెచ్చిన పెట్రోలు రంపం కూడా 46 కిలోలు తూగేది. చెరో కొసా ఇద్దరు పట్టుకుంటే తప్ప లేచేది కాదు.

ఇంజన్లు మెరుగుపడుతూ వచ్చినా గొలుసు మాత్రం చాలాకాలం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. ఇద్దరు చెరోవైపు లాగే పెద్ద రంపానికి ఎలాంటి పళ్ళుంటాయో, అలాంటివే గొలుసుకూ తొడిగారు. కొన్ని పళ్ళు కొయ్యను గీస్తాయి, మరికొన్ని ఆ గీసిన పొట్టును ఊడ్చేస్తాయి. అవి కోయడం కన్నా గీకడమే ఎక్కువ. సన్నని రంపపు పొట్టు రాలుతుంది, పెట్రోలు తగలబడుతుంది, పళ్ళు త్వరగా మొద్దుబారతాయి. మళ్ళీ వాటిని పదును పెట్టాలంటే ఆకురాయి పట్టుకుని గంటల తరబడి కూర్చోవాలి. ఇంజన్ బలమంతా ఆ పళ్ళ దగ్గరే వృథా అయ్యేది.

దారి దొరికింది అమెరికాలోని ఒరెగాన్ అడవుల్లో. జోసెఫ్ బ్యుఫర్డ్ కాక్స్ చెట్లు కొట్టే మనిషి, ఇనుప పని తెలిసినవాడు. 1946లో ఆయన కళ్ళు ఒక మొద్దు మీద పడ్డాయి. చూపుడువేలంత లావున్న పెంకుపురుగు లార్వా ఒకటి ఆ కొయ్యను తొలుచుకుంటూ పోతోంది. దానికి నారకు అడ్డంగా పోవడమూ, నార వెంట పోవడమూ ఒకటే. కాక్స్ దాని దవడలను పట్టి పట్టి చూశాడు. అవి సి అక్షరంలా వంగి, ఒకటి కుడికీ మరొకటి ఎడమకీ కొరుకుతూ పోతున్నాయి. పోర్ట్‌లాండ్‌లోని తన ఇంటి బేస్‌మెంట్‌లో ఆ దవడల రూపాన్ని ఉక్కులో తీసుకొచ్చాడు. 1947 నవంబరులో ఆ గొలుసు అమ్మకానికి వచ్చింది. ఆయన పెట్టిన కంపెనీయే నేటికీ ఒరెగాన్ పేరుతో గొలుసులు చేస్తోంది.

ఆ పన్నును ఒకసారి దగ్గరగా చూడాలి. పన్ను పైభాగం వంగిన రేకు. దాని ముందంచు కొయ్యను పెచ్చులుగా లేపుతుంది, పక్క అంచు నారను తెంపుతుంది. ప్రతి పన్ను ముందూ చిన్న మొటిమలాంటి ఎత్తు ఒకటి ఉంటుంది. పన్ను ఎంత లోతుకు దిగాలో నిర్ణయించేది అదే. ఆ రెండింటి ఎత్తుల మధ్య తేడా చాలా గొలుసుల్లో 0.025 అంగుళం, అంటే మిల్లీమీటరులో దాదాపు మూడింట రెండు వంతులు. ఒక పన్ను కుడికి తిరిగి ఉంటే తరువాతది ఎడమకు. పొట్టుకు బదులు పెచ్చులు రాలడం మొదలైంది. గుండ్రటి ఆకురాయితో పదును కూడా తేలికయింది. ఇవాళ దుకాణంలో దొరికే దాదాపు ప్రతి గొలుసూ ఈ పన్ను సంతానమే.

తరువాతి మార్పు ఇంజన్ నుంచి వచ్చింది. తొలి రంపాలు చాలావరకు గేర్లతో నడిచేవి. గొలుసు నెమ్మదిగా, బలంగా తిరిగేది. అందుకని పెద్ద లింకులు, అంటే అర అంగుళం, 7/16 అంగుళం పిచ్ (లింకు పొడవు కొలత) ఉన్నవి వాడారు. 1959లో స్టీల్ కంపెనీ తెచ్చిన కాంట్రా రంపం గేర్లు లేకుండా ఇంజన్ వేగాన్ని నేరుగా గొలుసుకు అందించింది. ఈ పద్ధతి పెరిగేకొద్దీ వేగానికి తగ్గట్టు లింకులు చిన్నవయ్యాయి. 0.404, 3/8, 0.325, పావు అంగుళం అన్న కొలతలు నిలబడ్డాయి. 1950లనాటి మెకలక్, హోమ్‌లైట్ రంపాలు దొరికించుకున్నవారికి 7/16 గొలుసు దొరకక తల ప్రాణం తోకకొచ్చేది ఇందుకే.

పిచ్ అంటే ఏమిటి? వరుసగా ఉన్న మూడు రివెట్లను తీసుకుని, మొదటిదాని నడుమ నుంచి మూడోదాని నడుమ వరకు కొలిచి, దాన్ని రెండుతో భాగించాలి. రెండు రివెట్ల మధ్య కొలిస్తే చాలదా అంటే చాలదు. ఒక లింకుకూ పక్క లింకుకూ రివెట్ల దూరం మారుతుంది. ఇది మొదటి అంకె. రెండోది గేజ్, అంటే గాడిలో నడిచే డ్రైవ్ లింకు మందం. 0.043, 0.050, 0.058, 0.063 అంగుళాలు వాడుకలో ఉన్నాయి. అమెరికా కట్టెకోతల వాళ్ళకు నాణేలతో ఒక ఉపాయం ఉంది. గాడిలో డైమ్ నాణెం దూరకపోతే 0.050 లేదా అంతకన్నా సన్నం, డైమ్ దూరి పెన్నీ దూరకపోతే 0.058, రెండూ దూరితే 0.063. అయితే అరిగిన గాడి అబద్ధం చెబుతుంది. వెర్నియర్‌తో పాత గొలుసు లింకునే కొలవడం మేలు.

మూడో అంకె డ్రైవ్ లింకుల సంఖ్య. ఒక్కొక్కటే లెక్కపెట్టాల్సిందే. 16 అంగుళాల బారు అన్న మాటకు ఒక రంపం మీద 55 లింకులు, మరోదాని మీద 56, ఇంకోదాని మీద 57 కావచ్చు. అంగుళాలు చెప్పి కొన్నవారు మోసపోయేది ఇక్కడే.

చాలా గొలుసులు తమ చిరునామా తామే మోస్తుంటాయి. ఒరెగాన్ గొలుసు డ్రైవ్ లింకు మీద 72, 73, 75 అని ఉంటే అది 3/8 పిచ్. గేజులు వరుసగా 0.050, 0.058, 0.063. అలాగే 20, 21, 22 అని ఉంటే 0.325 పిచ్. 91 ఉంటే 3/8లోనే పొట్టి రకం. మామూలు 3/8కీ ఈ పొట్టి 3/8కీ పేరు ఒకటే గానీ ఒకదాని బదులు ఒకటి వేయకూడదు.

కొలతలు తేలాక కూడా గొలుసు ఒక్కటే కొనడం పొరపాటు. బైకు చైను మార్చినప్పుడు మెకానిక్ స్ప్రాకెట్లు కూడా మార్చమంటాడు గదా, ఇక్కడా అంతే. క్లచ్ పక్కనున్న స్ప్రాకెట్ పళ్ళలో గుంటలు పడితే కొత్త గొలుసును వారాల్లో తినేస్తుంది. బారు కొసన చిన్న చక్రం ఉంటే దాని పిచ్ కూడా గొలుసుతో కలవాలి. చక్రం లేని గట్టి ముక్కు బారుకు ఈ బాధ లేదు. గేజ్ కుదిరితే ఏ పిచ్ అయినా నడుస్తుంది. పాత రంపాల్లో ఇలాంటి బారులే ఎక్కువ. అందువల్ల 7/16 గొలుసు దొరకని చోట, సరిపడే స్ప్రాకెట్ ఉంటే, 0.404కు మారిపోతారు.

మన దగ్గర ఈ యంత్రాన్ని "చెట్లు కోసే మిషను" అంటారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం చెట్లను నేలకూల్చినప్పుడు రోడ్లు తెరిచింది ఈ మిషన్లే. కూలిన చెట్టు వేళ్ళకు మట్టి, ఇసుక పట్టి ఉంటాయి. చింత, తుమ్మ ఎండితే రాయిలా గట్టిపడతాయి. ఈ పనికి మూల పదునుగా ఉండే చదరపు పన్ను తగదు. అది శుభ్రమైన మెత్తటి కొయ్యను వేగంగా కోస్తుంది గానీ ఇసుక తగిలిన మరుక్షణం మొద్దుబారుతుంది. మూల కాస్త గుండ్రంగా ఉండే రకం నెమ్మదిగా కోసినా ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇంకొక్క సంగతి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. గొలుసును క్షణంలో ఆపే చైన్ బ్రేకు 1970ల తరువాతే రంపాల్లో స్థిరపడింది. అంతకుముందు రంపాల్లో చాలావాటికి అది లేదు. బారు కొస కొయ్యకు తగిలి రంపం ముఖం మీదికి ఎగిరితే కాపాడేదేమీ ఉండదు. అలాంటి రంపానికి ఆ ఎగురుడు తగ్గించే లో కిక్‌బ్యాక్ గొలుసే కొనండి, వేగం కాస్త తగ్గినా సరే. పిచ్, గేజ్, లింకుల సంఖ్య మూడింటినీ రంపం మూత లోపల పెయింటుతో రాసి పెట్టండి. దుకాణానికి వెళ్ళేటప్పుడు పాత గొలుసు తీసుకెళ్ళండి.