కౌలాలంపూర్‌లో ఆలీ గెలుపు చప్పటిదేనా?

ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది, డ్యూటీ దిగినాక తీరికగా చదువుకోండి.

మా కొంగ్సిలో ఈ మధ్య రోజూ రాత్రి ఒకటే లొల్లి: హెవీవెయిట్ బాక్సర్లల్ల ఎవడు గొప్ప? లైగర్ సినిమా చూసి టైసన్ పేరు నేర్చుకున్న తమ్ముడొకడున్నడు. వాడికి టైసన్ తప్ప ఇంకొకడు కనబడడు. ఇరవై ఏండ్లకే, 1986లో, బెర్బిక్‌ను రెండో రౌండ్‌లో పడగొట్టి చాంపియన్ అయిన మాట నిజమే. మరి 1990లో టోక్యోలో ఎవ్వరూ లెక్కలోకి తీసుకోని డగ్లస్ చేతిలో పదో రౌండ్‌లో పడ్డడు గదా అంటే, ఆ ఒక్కటి లెక్కపెట్టొద్దు అంటడు. పెట్టకపోతే ఎట్ల తమ్మీ?

ఇంకో అన్నది వేరే లెక్క. ఫలానోడు ఫలానోణ్ణి కొట్టిండు కాబట్టి వాడే పెద్దోడు అంటడు. ఈ లెక్క పట్టుకుని పోతే తల తిరుగుతది. 1971లో ఫ్రేజియర్ ఆలీని ఓడించిండు. 1973లో ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లల్ల ఆరుసార్లు కింద పడేసిండు. 1974లో కిన్షాసాలో ఆలీ ఆ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేసిండు. తిరిగి తిరిగి మొదలుపెట్టిన కాడికే వచ్చినం. బాక్సింగ్‌ల ఒకరి ఆట తీరు ఇంకొకరికి పడదు, అంతే. అందుకే నేను మనుషుల్ని కాదు, గెలుపుల్ని తూకం వేద్దామంటున్న.

అట్ల తూకం వేసేటప్పుడు అందరూ పక్కకు నెట్టేసే గెలుపు ఒకటుంది. అది మనం ఉన్న ఈ ఊళ్లోనే జరిగింది.

మెర్డెకా 118 టవర్ పక్కనే తెల్లగా కనబడే పాత స్టేడియం ఉంది చూడండి, పెటాలింగ్ స్ట్రీట్ నుంచి నడుచుకుంటూ పోవచ్చు. 1957 ఆగస్టు 31న టుంకు అబ్దుల్ రహ్మాన్ ఏడుసార్లు "మెర్డెకా" అని చెయ్యెత్తి అరిచింది అక్కడే. అదే స్టేడియంలో 1975 జూలై 1న మహమ్మద్ ఆలీ, జో బగ్నర్ ప్రపంచ టైటిల్ కోసం కొట్లాడిన్రు. కొన్నిచోట్ల జూన్ 30 అని రాస్తరు. అదీ తప్పు కాదు. ఇక్కడ పొద్దున అయితే అమెరికాలో ఇంకా ముందటి రోజు రాత్రే. అక్కడి జనం రాత్రి కూసొని చూడాలె కాబట్టి ఇక్కడ పగటిపూట రింగు ఎక్కించిన్రు. మలేషియా పగటి ఎండ, ఉక్కపోత సంగతి మీకు నేను చెప్పాల్నా? అందులో నూరు కిలోలు దాటిన ఇద్దరు పదిహేను రౌండ్లు.

ఆ రోజుల్లో కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాలు ఆలీ మ్యాచ్ పెట్టించుకుంటే లోకమంతా తమ పేరు వింటదని చూసేవి. జైర్‌లో మొబుటు, ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ చేసింది అదే. మలేషియాలో ఆలీకి ముస్లింగా ప్రత్యేక ఆదరణ కూడా ఉండె. ఇక్కడికి వచ్చినంక ఇదే నా ఆఖరి మ్యాచ్ అని ప్రకటించిండు. ఆ మాట మీద నిలబడలేదనుకోండి.

మ్యాచ్ సంగతికొస్తే, ఎవరూ కింద పడలేదు. ఆలీ దూరం నుంచి జాబ్‌లు కొట్టుకుంటూ, అవసరమైనప్పుడే రెండు చేతులు కలిపి విసురుకుంటూ, మిగతా టైం ఒంట్లో సత్తువ దాచుకున్నడు. బగ్నర్ చేతులు దగ్గరగా పెట్టుకుని కాచుకున్నడు. ముగ్గురి కార్డుల్లోనూ ఆలీనే: 73-67, 73-65, 72-65. బ్రిటిష్ పత్రికలు బగ్నర్‌ను ఏకిపారేసినయి. మ్యాచ్ అయిన కాసేపటికే హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో హాయిగా ఈదుతున్నడు, ఇంత సత్తువ మిగిలితే రింగులో ఎందుకు వాడలేదు అని.

మా రూమ్ అన్న వాదన కూడా అదే. ఎదుటోడు గెలవాలని రాకపోతే ఆ గెలుపుకు విలువేంది అంటడు. ఈ మాటలో న్యాయం లేదని నేనన. లిస్టన్ మీద, ఫోర్‌మన్ మీద గెలుపుల పక్కన కౌలాలంపూర్‌ను నేను కూడా పెట్టను. కానీ పాయింట్ల మీద గెలిస్తే చప్పగున్నట్టే అంటే మాత్రం ఒప్పుకోను. మా నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ టైటిల్ గెలిచింది పాయింట్ల మీదనే, 5-0. దాన్ని ఎవడన్నా చప్పటి గెలుపన్నడా?

ఇంకో లెక్క చూడండి. 1975 మార్చిలో వెప్నర్‌తో పదిహేనో రౌండ్ దాకా. మే నెలలో లైల్‌తో పదకొండు రౌండ్లు, అది కూడా పాయింట్లల్ల వెనకబడి ఉండి ఆఖర్న గెలిచిండు. జూలైలో ఇక్కడ పదిహేను. అక్టోబర్ 1న మనీలాలో ఫ్రేజియర్‌తో పద్నాలుగు. ఆరు నెలలు దాటిన కొద్ది రోజుల్లో నాలుగుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నడు. ఇప్పటి చాంపియన్లు ఏడాదికి ఒకటో రెండో ఆడి అలసిపోయినం అంటరు.

మనీలా గెలుపే అన్నిట్లకెల్లా గొప్పదని లోకం అంటది. పద్నాలుగో రౌండ్ అయినంక ఫ్రేజియర్ కండ్లు కనబడక అతని కోచ్ ఫచ్ ఆపేసిండు. ఆలీ కూడా చావు దాకా పోయి వచ్చినట్టుందన్నడు. చూసేటోళ్లకు అంతకన్నా గొప్ప కొట్లాట లేదు. కానీ ఆ ఒంటికి ఏమైంది? ఆ తర్వాత ఆలీ మళ్లీ పాత ఆలీ కాలేదు. 1984కల్లా పార్కిన్సన్స్ బయటపడ్డది. తల మీద పడ్డ దెబ్బల్లో మనీలా వాటా ఎంత, ఫోర్‌మన్ వాటా ఎంత అని ఎవరూ విడదీసి చెప్పలేరు. కౌలాలంపూర్ వాటా మాత్రం తక్కువే. పదిహేను రౌండ్లు పనిచేసి, బెల్టు నడుముకే ఉంచుకుని, ఒళ్లు పెద్దగా పాడు చేసుకోకుండా విమానం ఎక్కిండు. మూడు నెలల్లో ఫ్రేజియర్ ముందు నిలబడ్డడంటే ఇక్కడ మిగుల్చుకున్న ఆ సత్తువ లేకుండా కుదిరేదా? ఒంటిని అమ్ముకుని బతికేటోడి గెలుపును చూసేటోడి కేకలతోటే తూయొద్దని నా వాదన. నాకైతే ఈ గెలుపు లోకం పెట్టిన చోటు కన్నా నాలుగు మెట్లు పైన ఉండాలె.

బగ్నర్‌కు కూడా కొంచెం న్యాయం చేయాలె. హంగరీలో పుట్టిండు. 1956 తిరుగుబాటును రష్యా ట్యాంకులు అణిచినంక తల్లి పిల్లల్ని తీసుకుని బ్రిటన్ చేరింది. అంటే వాడు కూడా వలస వచ్చినోడే. 1971లో బ్రిటిష్ జనం దేవుడిలెక్క చూసే హెన్రీ కూపర్‌ను పావు పాయింట్ తేడాతో ఓడించిండు. ఆ పాపానికి ఆ జనం అతన్ని ఎన్నడూ పూర్తిగా తమవాడు అనుకోలేదు. ఆలీతో రెండు మ్యాచ్‌లు కలిపి 27 రౌండ్లు, ఫ్రేజియర్‌తో 12 రౌండ్లు. మూడూ ఓడిండు, ఒక్కసారీ నాకౌట్ కాలేదు. 1973లో ఫ్రేజియర్ కింద పడేస్తే లేచి ఎదురుదెబ్బ కొట్టిండు. పిరికోడు చేసే పనేనా అది?

తర్వాత ఆస్ట్రేలియా పోయి స్థిరపడ్డడు. అక్కడ ఆసీ జో అని పిలుచుకున్నరు. 1998లో, 48 ఏండ్ల వయసులో, బోన్‌క్రషర్ స్మిత్‌ను ఓడించి ఒక చిన్న సంస్థ బెల్టు కూడా గెలిచిండు. ఆలీ ఆఖరి మ్యాచ్ ఆడి ఓడినప్పుడు వయసు 39.

మెర్డెకా మ్యాచ్ వీడియో నెట్‌లో ఉంది. నైట్ షిఫ్ట్ దిగి పదిహేను రౌండ్లూ ఒకేసారి పెట్టకండి, నిద్రొస్తది. ఐదైదు రౌండ్లు చూడండి, ఆలీ చేతుల్ని కాదు, కాళ్లను చూడండి. టైసన్ తమ్ముడు కింద కామెంట్ పెడతడు, జర కాసుకోండి.