విల్లుకు తగ్గ అమ్ము

శ్రీకృష్ణదేవరాయలు నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి కోటను తేలిగ్గా పట్టుకోలేదు. 1513లో మొదలైన ముట్టడి 1514 వేసవి దాకా సాగింది. రాయల వెంట 34,000 మంది కాల్బలం, 800 ఏనుగులు వచ్చాయని, కోటలో ఒడిశా రాజు గజపతి తరఫున 10,000 మంది కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ తర్వాతి కాలంలో రాశాడు. తిండి అందకుండా చేస్తే తప్ప లొంగని దుర్గం కాబట్టి, బండలు పగలగొట్టించి బురుజుల దాకా దారులు వేయించారట. తుపాకులు వచ్చేసిన కాలమే అయినా విల్లమ్ములు మూలపడలేదు. 1520లో రాయచూరు మీదికి నడిచిన రాయల సేనలోనూ విలుకాండ్రు ఉన్నారని అదే నూనిజ్ చెబుతాడు.

అంత పెద్ద సైన్యాల కథలో మనం కోటను, ఏనుగులను, రాజును గుర్తుపెట్టుకున్నాం. అమ్ములు చేసినవాడిని మరిచిపోయాం. విల్లు ఎంత గొప్పదైనా దానికి కుదిరిన అమ్ము లేకపోతే గురి కుదరదు. ఆ కుదిర్చే విద్య అతనిదే.

ఈ విద్యకు మన దేశంలో రాతలో ఉన్న పాత సాక్ష్యాల్లో కౌటిల్యుని అర్థశాస్త్రం ఒకటి. ఆయుధాగారాధ్యక్షుడి పనులు చెప్పేచోట వింటికి తాటికర్ర, వెదురు, చేవకర్ర, కొమ్ము పనికొస్తాయంటాడు. అమ్ములకు వెదురు, రెల్లుజాతి కాడలు. ములుకులకు ఇనుము, ఎముక, కర్ర. నారికి చాగ, జిల్లేడు, జనుము, వెదురు, నరం. ఈ జాబితా చదువుతుంటే నాకు ఆత్మకూరు, ఉదయగిరి దారుల పక్కన పెరిగే మొక్కలే కళ్ళముందు కదులుతాయి. జిల్లేడుకు, జనుముకు ఇక్కడ కరువేముంది? చాగనార వింటినారికి పెట్టింది పేరు. ఇక్కడి వెలిగొండలకు ఉత్తరాన నల్లమలలో చెంచులు నిన్నమొన్నటి దాకా విల్లు విడవలేదు. వారి మీద మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో పెద్ద పుస్తకమే వేశాడు. వెలిగొండలకు పడమట, రాజంపేట ప్రాంతం వారు తిన్నడు మావాడే అంటారు. శివభక్తుడు కన్నప్పగా మారకముందు ఆయన విల్లు పట్టిన వేటగాడు.

ఇక అసలు సంగతికి వద్దాం. విల్లు మధ్యలో పిడి ఉంటుంది. అమ్ము దాని పక్కన ఆని ఉంటుంది గానీ, నారి మాత్రం సూటిగా పిడి మీదికే దూసుకొస్తుంది. అంటే వదిలిన క్షణంలో అమ్ముకు పిడి అడ్డు. అయినా గురి ఎలా తగులుతుంది? నారి వెనకనుంచి తోసే తోపుకు కర్ర నడుము వంగుతుంది. పాములా మెలికపడి పిడిని తప్పించుకుని, ఆవల కొంతదూరం అటూ ఇటూ ఊగి, అప్పుడు తిన్నబడుతుంది. కంటికి అందని ఈ వంపును 1930లలో క్లారెన్స్ హిక్మన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు అతివేగంగా తీసే కెమెరాతో చూపించాడు. అడవిలోని విలుకాడికి మాత్రం కెమెరా రాకముందే ఇది అనుభవంలో ఉంది.

కాబట్టి కర్ర బిరుసు విల్లు బలానికి సరిపోవాలి. కుడిచేత్తో నారి లాగి, అమ్మును పిడికి ఎడమపక్కన ఆనించేవాడికి కర్ర మరీ బిరుసైతే దెబ్బ ఎడమకు పోతుంది, మరీ మెత్తనైతే కుడికి. ఇప్పటి కొలత ఒకటుంది. 26 అంగుళాల ఎడంలో ఉన్న రెండు ఆనికల మీద అమ్మును పెట్టి, నడిమధ్య 2 పౌన్ల బరువు వేలాడదీస్తారు. ఎన్ని అంగుళాలు కుంగిందో చూసి, 26ను దానితో భాగిస్తారు. 0.65 అంగుళం కుంగితే 40 పౌన్ల బిరుసన్నమాట. పిడి మందంగా ఉన్న వెదురు విల్లుకు దాని బలం కన్నా కాస్త మెత్తని అమ్మే కావాలి. పొడవు పెరిగినా, ములికి బరువు పెరిగినా అదే కర్ర మెత్తనిదానిలా నడుచుకుంటుంది.

పాతకాలపు పద్ధతిలో ఈ లెక్కంతా చేతుల్లోనే ఉండేది. ముదిరిన కాడలు ఏరి నీడన ఆరబెట్టడం, వంకరలను నిప్పుసెగ మీద కాచి సరిచేయడం, రెండు చేతులతో వంచి బిరుసు చూడడం, అరచేతిలో తూచి ఒకే బరువువి ఒక కట్టగా చేర్చడం. ఈకలు కట్టకముందే దగ్గరి మట్టిదిబ్బకు వేసి చూస్తే తేడా బయటపడుతుంది. బిరుసైతే నడుము గీకి సన్నం చేయాలి. మెత్తనైతే పొడవు కోయాలి, లేదా ములికి తేలిక చేయాలి. పొర అడ్డంగా పోయిన కర్రను మాత్రం మొహమాటం లేకుండా పారేయాలి. అది నారి తోపుకు పగిలి, వేసినవాడి చేతిలోనే దిగుతుంది.

కర్ర పొర చదవడం తెలిసినవాళ్ళు ఉదయగిరిలో ఈనాటికీ ఉన్నారు. నర్ది, కల్ది, బిక్కి కర్రలతో చెంచాలు, గరిటెలు చెక్కే ఆ కుటుంబాల పనికి భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కూడా దక్కింది. మరోపక్క మన జాతీయ విలువిద్య పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. వెదురు విల్లు, కర్ర అమ్ములు, 50 మీటర్లు, 30 మీటర్ల దూరాలు. పిల్లలు విలువిద్యలో అడుగుపెట్టేది ఎక్కువగా దీనితోనే. వాళ్ళ విల్లు బలం చూడకుండా చేతికందిన అమ్ములిచ్చి గురి కుదరలేదని కోప్పడటం అన్యాయం.

వేటకు ఇక తావులేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మూసేసింది, మంచిదే. ఆటకు తావుంది. అడవి బయట పెంచిన వెదురు నరకడానికి 2017 చట్ట సవరణ తర్వాత అటవీ అనుమతి చిక్కు కూడా లేదు. నెల్లూరు జిల్లా క్రీడాధికారులూ, చేతిపనుల సంస్థలూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోండి. ఇండియన్ రౌండ్ పిల్లల అమ్ముల పని ఉదయగిరి చేతులకు అప్పజెప్పండి.