సీటు దాకా వచ్చాం, బిల్లు దాకా రాలేదు

యూనివర్సిటీ అనగానే మనం సీట్లు, హాస్టళ్లు, ఫెలోషిప్‌లు, అధ్యాపక పోస్టుల గురించి మాట్లాడతాం. మాట్లాడాల్సిందే. కానీ యూనివర్సిటీ పెద్ద కొనుగోలుదారు కూడా. ల్యాబుకు రసాయనాలు, గాజుసామాను, పరికరాలు, వాటి రిపేర్లు, కంప్యూటర్లు, ప్రింటింగ్. ఈ బిల్లుల డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? ఈ ప్రశ్నను చట్టం దాకా తీసుకెళ్లిన వాళ్లలో అమెరికా నల్లజాతి నాయకులు ముందున్నారు.

పారెన్ మిచెల్‌ది బాల్టిమోర్. 1950లో మేరీలాండ్ యూనివర్సిటీ ఆయన్ని కాలేజ్ పార్క్‌లోని ప్రధాన క్యాంపస్‌లో పీజీ చదవనివ్వలేదు. కోర్టుకెళ్లి గెలిచారు. అక్కడ మొదటి నల్లజాతి పీజీ విద్యార్థి అయ్యారు. 1971లో ప్రతినిధుల సభలో అడుగుపెట్టారు. తరగతి గది తలుపు తెరిపించిన మనిషి, తర్వాత ఖజానా తలుపు తట్టారు. 1977లో 400 కోట్ల డాలర్ల ప్రజాపనుల చట్టంలో కనీసం 10 శాతం మైనారిటీ వ్యాపారులకు దక్కాలనే సవరణ ఆయనదే. నిర్మాణ కాంట్రాక్టర్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. 1980లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది.

ఈలోగా 1978లో మరో చట్టం వచ్చింది. 5 లక్షల డాలర్లు దాటిన ఫెడరల్ కాంట్రాక్టు తీసుకునే పెద్ద సంస్థ, సబ్ కాంట్రాక్టుల్లో చిన్న వ్యాపారులకు ఎంత శాతం, సామాజికంగా వెనక్కి నెట్టబడిన వాళ్ల వ్యాపారాలకు ఎంత శాతం ఇస్తుందో ముందే రాసివ్వాలి. ఆ డాలర్ల పరిమితి తర్వాత పెరిగింది, నియమం మాత్రం నిలిచింది. పరిశోధన కాంట్రాక్టు తీసుకున్న యూనివర్సిటీకీ ఇది వర్తిస్తుంది. ఏమేం కొంటారు, చిన్న వ్యాపారులను ఎలా వెతుకుతారు, బాధ్యుడు ఎవరు అన్నీ ఆ ప్రణాళికలో ఉండాలి. తర్వాత లెక్కలు సమర్పించాలి. చిత్తశుద్ధితో ప్రయత్నించలేదని తేలితే పరిహారం కట్టాలి.

ఇందులో కంతలూ ఉన్నాయి. అది లక్ష్యమే, కోటా కాదు. ప్రయత్నించామని చూపిస్తే చాలు. పైగా ప్రణాళిక నియమం కాంట్రాక్టులకే, గ్రాంట్లకు కాదు. యూనివర్సిటీలకు ఫెడరల్ పరిశోధన డబ్బు ఎక్కువగా వచ్చేది గ్రాంట్ల రూపంలోనే.

మనం గమనించాల్సిన కంత ఇంకొకటుంది. 1982లో ఆ 'వెనక్కి నెట్టబడిన' జాబితాలో భారత ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లనూ చేర్చారు. జాతి వివక్ష నిజమే కాబట్టి చేర్చడం తప్పు కాదు. కానీ ఆ ఫారంలో కులం గడి లేదు. ఊళ్లో వందల ఎకరాలున్న కుటుంబం వాడూ, వాళ్ల పొలంలో కూలి చేసిన కుటుంబం వాడూ అక్కడ ఒకే గడిలో నిలబడతారు. కంపెనీ పెట్టే పెట్టుబడితో విమానం ఎక్కింది ఎవరో మనకు చెప్పనక్కర్లేదు. 2023లో ఒక ఫెడరల్ కోర్టు, జాతిని బట్టే వెనకబాటును ఊహించే పద్ధతిని ఒక ప్రధాన పథకంలో ఆపేసింది. గెలిచిన హక్కును కాపాడుకోవడం మరో పోరాటం.

ఈ ఆలోచన మన దేశానికీ వచ్చింది. 2002 జనవరిలో భోపాల్‌లో దళిత మేధావులు సమావేశమై, ప్రభుత్వ కొనుగోళ్లలోనూ వాటా అడిగారు. పదేళ్లకు, 2012లో, కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు 20 శాతం చిన్న సంస్థల దగ్గర కొనాలి. మొత్తంలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల దగ్గర కొనాలి. 2018లో 20ని 25 చేశారు, మహిళలకు 3 చేర్చారు. మన 4 మాత్రం 4గానే ఉంది. అదీ నిండలేదు, ఏళ్ల తరబడి చాలా దూరంలోనే ఆగింది. ఎందుకు? ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండరుకు రాకపోతే, వచ్చినా షరతులకూ ధరకూ సరితూగకపోతే, ఆ వాటాను ఇతర చిన్న సంస్థలతో నింపుకోవచ్చని ఆ ఉత్తర్వులోనే ఉంది. ఖాళీ పోస్టు దగ్గర 'అర్హులు దొరకలేదు' అని రాసే చెయ్యే ఇక్కడా రాస్తోంది. అనుభవం, టర్నోవర్ షరతులు పెట్టి ముందే గేటు మూసి, ఎవరూ రాలేదంటే ఎలా?

రోస్టర్ అడగడం మనం నేర్చుకున్నాం. ఇప్పుడు కొనుగోలు రిజిస్టర్ కూడా అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు చాలు. మీ యూనివర్సిటీ పోయిన ఏడాది ఎంత కొన్నది? అందులో ఎస్సీ, ఎస్టీ సరఫరాదారుల దగ్గర ఎంత? సున్నా అని జవాబొస్తే, ఆ సున్నా నుంచే మన పని మొదలవుతుంది.

జై భీమ్.