హిజ్లీ నుంచి ఇళ్లకు చేరిన పాఠం

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో తన ప్రధాన వర్క్‌షాపును నెలకొల్పిన ఖరగ్‌పూర్‌కు ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడి, ఇంట్లో తెలుగు, బయట హిందీ, బెంగాలీ మాట్లాడుతూ తరాలు గడిపాయి. వర్క్‌షాపులో అప్రెంటిస్, అంటే అనుభవజ్ఞుడి పక్కన నిలబడి పనిచేస్తూ నేర్చుకునే యువకుడు, చదువుకునే వేళను తానే నిర్ణయించుకోవలసిన అవసరం ఉండేది కాదు. షిఫ్టే ఆ వేళను నిర్ణయించేది, చేసిన తప్పును పక్కనున్నవారు అప్పటికప్పుడే దిద్దేవారు.

బ్రిటిషు ప్రభుత్వం రాజకీయ ఖైదీలను నిర్బంధించిన, 1931 సెప్టెంబరు 16న కాల్పుల్లో ఇద్దరు ఖైదీలు ప్రాణాలు కోల్పోయిన హిజ్లీ శిబిరం ఈ పట్టణానికి చేరువలోనిదే. దేశంలో మొదటి ఐఐటీ 1951లో ఆ భవనంలోనే తరగతులు ప్రారంభించింది. ఇక్కడా విద్యార్థి హాస్టల్లో ఉండి చదవవలసి ఉండేది గనుక, క్రమశిక్షణలో పెద్ద భాగాన్ని ఆ ప్రాంగణ జీవితమే సమకూర్చేది.

షిఫ్టు, హాస్టల్ అనే ఈ రెండు ఆధారాలూ లేని విద్యార్థి ఎలా సిద్ధపడాలన్న ప్రశ్న తెలుగునాట ఆన్‌లైన్ కాలానికి ముందే తలెత్తింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులను, అంటే పాఠాలను తపాలాలో పంపే పద్ధతిని, ప్రారంభించగా, 1982లో హైదరాబాదులో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ముందస్తు విద్యార్హతలు లేనివారిని అర్హత పరీక్ష ద్వారా చేర్చుకున్న ఈ సంస్థ, సన్నద్ధతను గుమ్మం దగ్గరే కొలిచింది.

ఏడు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పథకంలో ఖరగ్‌పూర్ ఐఐటీ కూడా భాగస్వామి. మొదట ఇది ఉపన్యాసాల వీడియోల భాండారమే. తలుపు అందరికీ తెరిచి ఉన్నా, చూసేవారికి గడువు లేదు, దిద్దేవారు లేరు. 2014లో ధ్రువపత్రాల కోర్సులు వచ్చిన తరువాతే అసలైన మార్పు జరిగిందని చెప్పాలి, ఎందుకంటే షిఫ్టు చేసిన పనిని అప్పుడు వారపు గడువు చేయడం మొదలుపెట్టింది. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సుల్లో చేరడం ఉచితం. ప్రతి వారం ఒక అసైన్‌మెంటు, అంటే ఇంటి దగ్గర చేసి గడువులోగా పంపవలసిన అభ్యాసం, చివర రుసుము కట్టి కేంద్రానికి వెళ్లి పర్యవేక్షకుల ఎదుట రాసే పరీక్ష. తుది మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు కేటాయించి, పన్నెండు వారాల కోర్సులో ఉత్తమమైన ఎనిమిది అసైన్‌మెంట్ల సగటునే లెక్కిస్తారు. రాత్రి షిఫ్టు చేసేవారికీ, ఇంటి బాధ్యతలున్నవారికీ ఈ వెసులుబాటు ఎంతో న్యాయమైనది. అయితే మొదటి నాలుగు వారాలనే వదిలేసినవారికి అదే ప్రమాదం, ఎందుకంటే సాంకేతిక విషయాల్లో తరువాతి పాఠాలు తొలి పాఠాల మీదే నిలబడతాయి. అందువల్ల కోర్సు వివరాల్లో ముందుగా తెలిసి ఉండాలని పేర్కొన్న గణితాన్నో ప్రాథమిక భావనలనో చేరకముందే సరిచూసుకోవడం, వారంలో చదివే వేళలను షిఫ్టు పట్టిక పక్కనే రాసి పెట్టుకోవడం, వీడియో చూసి ఊరుకోక లెక్కను చేత్తో చేయడం ఈ కోర్సుల్లో చేరే విద్యార్థి మొదటి పనులు.

2017లో కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల కోసం స్వయం అనే వేదికను ప్రారంభించింది; ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్మించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018లో జాతికి అంకితమైంది. దాంతో పాఠంతోపాటు పుస్తకమూ ఇంటికే చేరింది. ఇక భాష విషయానికి వస్తే, ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగును అధికార భాషల్లో చేర్చింది. ఎన్‌పీటెల్ పాఠాల లిఖిత రూపాలు తెలుగులోనూ వస్తున్నాయి గనుక, రైల్వే కాలనీ తెలుగు విద్యార్థి భావనను ముందు ఇంటి భాషలో గ్రహించి, ఆపై అదే భావనను ఇంగ్లీషు ఉపన్యాసంలో గుర్తుపట్టగలిగే దారి ఏర్పడింది; చాలా కోర్సుల్లో పరీక్ష ఇంగ్లీషులోనే ఉన్నందున, ఆ రెండో అడుగుకు కూడా మొదటి వారం నుంచే వేళ కేటాయించుకోవలసి ఉంటుంది.