కళ్లం నుంచి కోర్టు వరకు

వాలీబాల్ 1895లో అమెరికాలోని హోల్యోక్‌లో పుట్టింది. విలియం మోర్గాన్ దాన్ని కప్పు కింద, వ్యాయామశాలలో ఆడించాడు. మన అరకు కొండల్లో అది మట్టినేలకు దిగింది.

మా ఇంటి ముందు కోర్టు వేయడానికి కొత్త విద్యేమీ అవసరం కాలేదు. చోళ్లు నూర్చే కళ్లం చేసే పనితనమే సరిపోయింది. వాలులో ఎగువ మట్టి తవ్వి దిగువకు నింపాం. తడిపి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికాం. పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు, చుట్టూ మరికొంత జాగా. రెండు గుంజలు, ముగ్గుపిండి గీతలు. వల ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు. చెల్లెళ్లు మేమూ ఆడతామన్నాక గుంజలకు 2.24 దగ్గర మరో గాటు పెట్టాం.

వేయడం కొద్దిరోజుల పని, కాపాడుకోవడం ఏటేటా పని. ఎగువన తీసిన కాలువ పూడిందంటే వాననీళ్లు కోర్టు మీదుగా పారి పైమట్టినంతా గెడ్డలో కలిపేస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు లోయలో సిల్వర్ ఓక్ చెట్లతోపాటు మా గుంజలూ కూలాయి. వాటిని మళ్లీ పాతింది చెల్లెళ్ల జట్టే.

స్వర్ణోత్సవ గుర్తుగా బడికి సిమెంటు కోర్టు కట్టిద్దామంటున్నారు. మిత్రులారా, నా మనవి ఒక్కటే. సిమెంటుకైనా కాలువ తీయాలి, వల మార్చాలి, గీతలు దిద్దాలి. విరాళాల్లో కొంత అందుకోసం విడిగా దాచండి. లేదా మట్టికోర్టే బాగుచేద్దామంటే సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు రండి. దిమ్మిసలు మా ఇంట్లో ఉన్నాయి.