మూత్రనాళ ఇన్ఫెక్షన్: చికిత్స, నివారణల చరిత్ర

మైలవరం చుట్టుపక్కల మామిడి తోటల్లో, పత్తి చేలల్లో పనిచేసే ఆడవాళ్లు మూత్రంలో మంట వస్తే "వేడి చేసింది" అంటారు. బార్లీ నీళ్లు, మజ్జిగ, పల్లేరు కాయల కషాయం తాగుతారు. మీరూ ఈ మాట విని ఉంటారు. ఈ మంటకు అసలు కారణం ఎలా తెలిసింది? మందులు ఎలా వచ్చాయి? మందులున్నా సమస్య ఎందుకు తీరలేదు? ఈ మూడు ప్రశ్నలను ఇప్పుడు పరిశీలిద్దాం.

1. కారణం తెలిసిన తీరు

చరక, సుశ్రుత సంహితలు ఈ బాధను 'మూత్రకృచ్ఛ్రం' అన్నాయి. లక్షణాలను చక్కగా గుర్తించినా, సూక్ష్మజీవి కంటికి కనిపించేది కాదు. 1885లో జర్మన్ వైద్యుడు థియోడర్ ఎషెరిక్ పేగుల్లో ఉండే ఒక బాక్టీరియాను వర్ణించాడు. అదే నేటి ఇ.కోలై. పేగుల్లో హాని చేయని ఈ జీవి మూత్రమార్గంలోకి చేరితే జబ్బు తెస్తుంది. స్త్రీలలో ఆ మార్గం పొట్టిగా, మలద్వారానికి దగ్గరగా ఉంటుంది. అందుకే వారికి ఈ జబ్బు ఎక్కువ.

2. మందుల కాలం

1935లో గెర్హార్డ్ డొమాక్ ప్రకటించిన ప్రోంటోసిల్‌తో సల్ఫా మందులు మొదలయ్యాయి. బాక్టీరియా తనకు కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని తానే తయారుచేసుకుంటుంది. సల్ఫా ఆ తయారీని అడ్డుకుంటుంది. మనకు ఫోలిక్ ఆమ్లం ఆహారం నుంచి అందుతుంది కనుక మనకు ఆ నష్టం లేదు.

ఇక్కడ ఒక తెలుగు పేరు గుర్తుంచుకోండి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆ బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో అది వైద్యుల చేతికి వచ్చింది. అప్పటి పెన్సిలిన్‌కు అంతగా లొంగని ఇ.కోలై వంటి వాటిపైనా అది పనిచేసింది. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో మరణించారు. 1950లలో నైట్రోఫ్యురాంటాయిన్, 1960ల చివర కోట్రైమాక్సజోల్ వచ్చాయి.

3. మందు ఓడిన చోట

తర్వాత వచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ ఒకప్పుడు తేలికగా పనిచేసేది. ఇప్పుడు మన దేశంలో ఇ.కోలై చాలావరకు దానికి లొంగడం లేదు. చీటీ లేకుండా దుకాణంలో రెండు మాత్రలు కొని వేసుకోవడం, మంట తగ్గగానే మానేయడం ఇందుకు దోహదపడే కారణాల్లో ఉన్నాయి. కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌ల అమ్మకాన్ని రిజిస్టరులో రాయాలని ప్రభుత్వం హెచ్1 షెడ్యూలును 2014 మార్చి నుంచి అమలు చేసింది. మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు నేటి వైద్యులు మళ్లీ పాత నైట్రోఫ్యురాంటాయిన్‌నే ఎక్కువగా రాస్తున్నారు.

4. నివారణ

ఇప్పుడు మళ్లీ చేను దగ్గరికి రండి. చాటు లేదని ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగరు, మూత్రం ఆపుకుంటారు. బాక్టీరియా పెరగడానికి అదే అనువైన సమయం. తరచూ ఈ జబ్బు వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీలపై జరిపిన ఒక పరిశీలన 2018లో వెలువడింది. రోజుకు లీటరున్నర నీళ్లు అదనంగా తాగినవారికి ఏడాదిలో సగటున 1.7 సార్లు, మిగిలినవారికి 3.2 సార్లు జబ్బు వచ్చింది. బార్లీ నీళ్లు తాగమన్న పెద్దల మాటలో మేలు చేసేది ప్రధానంగా ఆ నీరే. కానీ నీళ్లు తాగమని చెప్పి మరుగుదొడ్డి చూపకపోతే ఆ సలహా నిలవదు. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీటి కుళాయి ఉండటం కూడా వైద్యంలో భాగమే.

గమనిక: చలిజ్వరం, నడుము పక్క నొప్పి, మూత్రంలో రక్తం ఉన్నా, రోగి గర్భిణి అయినా ఇంటి వైద్యంతో ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మందును వైద్యులు చెప్పినన్ని రోజులు వాడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సల్ఫా మందు బాక్టీరియాకు హాని చేస్తుంది, మనకు ఎందుకు చేయదు?
2. మీ ఊరిలో ఆడవాళ్లు పనిచేసే చోట నీరు, మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉన్నాయో చూసి పది వాక్యాలు రాయండి.